బ్యూరో మనిషి గడప తొక్కే ముందు

సికింద్రాబాద్‌లో పెద్దాసుపత్రుల చుట్టుపక్కల కరెంటు స్తంభాల మీద, మారేడ్‌పల్లి గోడల మీద, సైనిక్‌పురి అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో తరచూ కనిపించే ప్రకటన ఒకటుంది. ఇరవై నాలుగు గంటలూ ఇంట్లోనే ఉండి పెద్దవాళ్లను చూసుకునే నర్సులు, ఆయాలు, కేర్‌టేకర్లు పంపబడును అని. కింద ఫోన్ నంబరు, పక్కన ‘గవర్నమెంట్ రిజిస్టర్డ్’ అన్న ముక్క. అమెరికా నుంచి కొడుకు ఫోన్ చేసి మొదట అడిగేదీ అదే: “రిజిస్టర్డ్ ఏజెన్సీయేనా నాన్నా?” “అవున్రా, కార్డు మీద రాసుంది” అంటాడు పెద్దాయన. ఇద్దరికీ మనసు కుదుటపడుతుంది.

ఆ రిజిస్ట్రేషన్ కాగితం ఒకసారి అడిగి చూడండి. సాధారణంగా అది 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం కింద లేబర్ ఆఫీసు ఇచ్చిన పత్రం అయి ఉంటుంది. సెల్‌ఫోన్ షాపుకూ అదే ఇస్తారు. కాకపోతే జీఎస్టీ నంబరో, కంపెనీ నమోదు పత్రమో చూపిస్తారు. ఫలానా చోట ఫలానా వ్యాపారం నడుస్తోందని అవి చెబుతాయి. రాత్రిపూట మీ అమ్మగారి మంచం పక్కన పడుకునే మనిషికి శిక్షణ ఉందో లేదో, రేపు ఏదైనా జరిగితే పూచీ ఎవరిదో వాటిలో ఉండదు. ఇళ్లకు కేర్‌టేకర్లను పంపే ఏజెన్సీలకంటూ ప్రత్యేకమైన లైసెన్సు తెలంగాణలో లేదు.

ఇందులో ఒక వింత ఉంది. అదే అపార్ట్‌మెంటు గేటు దగ్గర కూర్చునే సెక్యూరిటీ గార్డును పంపే ఏజెన్సీకి లైసెన్సు తప్పనిసరి. 2005లో పార్లమెంటు చేసిన ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం ప్రకారం గార్డు పూర్వాపరాలు విచారించాలి, శిక్షణ ఇవ్వాలి. కేంద్రం 2006లో ఇచ్చిన నమూనా నిబంధనలైతే 100 గంటలు తరగతిలో, 60 గంటలు బయట శిక్షణ అని లెక్క కూడా కట్టాయి. గేటు కాసేవాడికి ఇంత చట్టం ఉంటే, గేటు దాటి పడకగదిలోకి వచ్చి ఇన్సులిన్ సూది గుచ్చే మనిషిని పంపేవాళ్లకు అలాంటి ప్రత్యేక చట్టమేదీ లేదు.

ప్రయత్నం జరగకపోలేదు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. దాన్ని సవరిస్తూ 2019 డిసెంబరులో లోక్‌సభలో పెట్టిన బిల్లులో, ఇళ్లకు వచ్చి వృద్ధులకు సేవ చేసే సంస్థలు కూడా నమోదు కావాలన్న నిబంధన ఉంది. బిల్లు స్థాయీ సంఘానికి వెళ్లింది, 2021లో నివేదిక వచ్చింది. 2024లో ఆ లోక్‌సభ రద్దు కావడంతో బిల్లూ దానితోపాటే పోయింది.

నియంత్రణ ఉన్నచోట ఎలా ఉంటుందో తెలియాలంటే ఇంగ్లండ్‌ను చూడాలి. అక్కడ 2009 నుంచి కేర్ క్వాలిటీ కమిషన్ అనే సంస్థ పనిచేస్తోంది. స్నానం చేయించడం, అన్నం తినిపించడం లాంటి ఒంటి సేవలను ఇళ్లలో నడిపే సంస్థ ఈ కమిషన్ దగ్గర నమోదు కాకుండా పనిచేస్తే అది నేరం. తనిఖీ నివేదికలను ఎవరైనా చదువుకోవచ్చు. అయితే అక్కడా ఒక సందు ఉంది. మనిషిని పరిచయం చేసి పక్కకు తప్పుకునే ఏజెన్సీకి నమోదు అక్కర్లేదు. అలా వచ్చిన మనిషికి కుటుంబమే యజమాని, మంచిచెడులు కుటుంబానివే.

సేవను తానే నడిపే సంస్థకూ, మనిషిని పరిచయం చేసి తప్పుకునే ఏజెన్సీకీ మధ్య ఉన్న ఆ తేడా, మనం బ్యూరోలనే ఈ ఏజెన్సీల దగ్గరా పనికొస్తుంది. మన దగ్గరా రెండు రకాలున్నాయి, బోర్డు మీద మాత్రం కనిపించవు. ఒక రకం బ్యూరో మనిషిని దింపి, కమీషన్ తీసుకుని, నెలనెలా డబ్బు వసూలుకు తప్ప కనిపించదు. రెండో రకం సంస్థ ముందు ఒక నర్సును పంపి పేషెంటు పరిస్థితి తెలుసుకుంటుంది, ఏ పని ఎప్పుడు చేయాలో రాసిస్తుంది, సూపర్‌వైజర్‌ను పంపుతుంది, మనిషి మానేస్తే రిలీవర్‌ను ఇస్తుంది. ఏది ఏ రకమో తెలుసుకోవడానికి ఫోన్‌లోనే రెండు ప్రశ్నలు చాలు. “ఆమెకు జీతం ఎవరిస్తారు, ఆమె చేతికి ఎంత వెళుతుంది?” “రాత్రి రెండు గంటలకు ఆయాసం వస్తే మీ వైపు నుంచి ఫోన్ ఎత్తేదెవరు?” మొదటి ప్రశ్నకు నసిగేవాళ్లు రెండోదానికీ నసుగుతారు.

అంతకంటే ముందు ఇంట్లోవాళ్లు తేల్చుకోవలసింది మరొకటి ఉంది. మనకు కావలసింది తోడా, నర్సింగా? ఏజెన్సీకి చట్టం లేకపోయినా నర్సుకు ఉంది. ఏఎన్ఎం రెండేళ్లు, జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు చదివినవాళ్లకు రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఇస్తుంది. బ్యూరోల భాషలో తెల్లకోటు వేసుకున్న ప్రతి అమ్మాయీ ‘సిస్టరే’. కాబట్టి నంబరు అడగాలి, ఒరిజినల్ సర్టిఫికెట్ చూడాలి, రెన్యువల్ తేదీ చూడాలి. హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ ఇచ్చే హోమ్ హెల్త్ ఎయిడ్, జనరల్ డ్యూటీ అసిస్టెంట్ సర్టిఫికెట్లు వేరు. అవి మంచివే, ఉంటే సంతోషమే, కానీ నర్సు అర్హత కావు. యూరిన్ క్యాథెటర్ మార్చడం, నరానికి ఇంజెక్షన్, గొంతులో కఫం లాగే సక్షన్, లోతైన పుండ్లకు డ్రెస్సింగ్ ఉన్న ఇంట్లో ఖర్చుకు వెనకాడి ఆయాతో సరిపెట్టడం నా దృష్టిలో జూదమే. రోజంతా నర్సును పెట్టుకోలేకపోతే, పూటకు వచ్చి ఆ పని చేసి వెళ్లే నర్సునూ, మిగతా వేళలకు ఆయానూ పెట్టుకోవచ్చు.

తోడు కోసమే అయితే నా అభిప్రాయం వేరు. తెలిసినవాళ్ల ఇంట్లో రెండేళ్లు పనిచేసి మంచి పేరు తెచ్చుకున్న మనిషి దొరికితే, అద్దాల ఆఫీసున్న సంస్థ పంపే కొత్త మొహాలకంటే ఆమే నయం. మతిమరపు జబ్బున్నవాళ్లకు నెలకో కొత్త మొహం నరకం. కాకపోతే అప్పుడు యజమాని మీరే. ఆమెకు జబ్బు చేస్తే ఎవరు వస్తారన్నదీ మీ బాధ్యతే.

సర్టిఫికెట్ ఉన్నా లేకపోయినా, పని చేయించి చూడటాన్ని మించిన పరీక్ష లేదు. “మామయ్యగారిని మంచం మీది నుంచి చక్రాల కుర్చీలోకి ఎలా మారుస్తావమ్మా?” అని అడగండి. పని తెలిసిన మనిషి ముందు కుర్చీ బ్రేకులు వేస్తుంది. ఆయనకు చెబుతుంది, కాళ్లు నేలకు ఆనేలా కూర్చోబెట్టి కాసేపు ఆగుతుంది. తన మోకాళ్లు వంచి, ఆయన నడుము దగ్గర ఆసరా పట్టి లేపుతుంది. తెలియని మనిషి చంకల్లో చేతులు పెట్టి ఒక్క గుంజు గుంజుతుంది. ముక్కు గొట్టం, అదే రైల్స్ ట్యూబ్, ఉన్నచోట ఇంకా నిక్కచ్చిగా చూడాలి. తల వైపు ఎత్తు చేసిందా? ముక్కు దగ్గర గొట్టం మీది గుర్తు జరగలేదని చూసుకుందా? పాలో జావో పోశాక కాసిని నీళ్లు పోసిందా? అయిన వెంటనే పడుకోబెట్టకుండా అరగంటైనా అలాగే కూర్చోబెట్టిందా? నీళ్లు పోయడం మరిస్తే గొట్టం మూసుకుపోవచ్చు, మిగతావాటిలో ఏది తప్పినా ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. మంచం పట్టినవాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పమని డాక్టర్లు చెబుతారు. ఎయిర్ బెడ్ కొన్నాం కదా అని తిప్పడం మానకూడదు.

ఇక్కడ ఒక లెక్క వేసుకోండి. పగలంతా పనిచేసి, రాత్రంతా రెండు గంటలకోసారి లేచే మనిషి నిద్రపోయేదెప్పుడు? ‘ఇరవై నాలుగు గంటల డ్యూటీ’ అని బ్యూరోవాళ్లు తేలిగ్గా అనేస్తారు, మనమూ తేలిగ్గా తలూపుతాం. మూడు నెలలు నిద్రలేని మనిషి చేతికి ఇన్సులిన్ డోసు అప్పగించడం పేషెంటుకే ప్రమాదం. రాత్రి పని ఎక్కువ ఉంటే పన్నెండేసి గంటలకు ఇద్దరు కావాలి, లేదా రాత్రి సగం ఇంట్లోవాళ్లు పంచుకోవాలి. వారానికో సెలవు, పడుకోవడానికి మంచం, మనం తినే తిండి ఇవ్వాలి. ఇంటి పనివాళ్ల కోసం చట్టం చేసే విషయం పరిశీలించమని సుప్రీంకోర్టు 2025 జనవరిలో కేంద్రానికి చెప్పింది. అది వచ్చేదాకా మన కాగితం మనమే రాసుకోవాలి.

సికింద్రాబాద్‌లో రైల్వే, మిలటరీ పెన్షనర్లు ఎక్కువ. ఎనభై నిండితే మూల పెన్షన్ మీద 20 శాతం, ఎనభై అయిదుకు 30, తొంభైకి 40 అదనంగా వస్తుంది. ఆ డబ్బు చాలా ఇళ్లలో నేరుగా కేర్‌టేకర్ జీతంలోకే పోతుంది. పోయేదేదో బ్యాంకు ద్వారానో, రసీదు మీదో పోనివ్వండి. డబ్బు తీసుకుని సేవలో లోపం చేసిన ఏజెన్సీ మీద 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. రసీదూ ఒప్పందమూ లేకుంటే మాత్రం అక్కడ వాదన నిలబెట్టడం కష్టం.

వచ్చే మనిషి ఆధార్ చూసి పద్దెనిమిదేళ్లు దాటాయో లేదో చూడండి, సొంతూళ్లో ఒకరి నంబరు తీసుకోండి. పోలీసుల హాక్‌ఐ యాప్‌లో పనివాళ్ల వివరాలు నమోదు చేసే వీలుంది. పెద్దవాళ్లను కసురుతున్నారని, కొడుతున్నారని అనుమానం వస్తే 14567 ఎల్డర్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు. దాడి, దొంగతనం అయితే నేరుగా పోలీసులకే. 2007 నాటి వయోవృద్ధుల చట్టం కింద సికింద్రాబాద్ ఆర్డీవో దగ్గర ఉండే ట్రిబ్యునల్ పిల్లలు పోషించకపోతే వెళ్లాల్సిన చోటు, బ్యూరో మీద ఫిర్యాదుకు అది దారి కాదు.

ఒప్పందం రాసుకునేటప్పుడు అడ్వాన్సు ఎప్పుడు తిరిగి వస్తుంది, మనిషి మానేస్తే ఎన్ని గంటల్లో మరొకరు వస్తారు అన్న రెండింటికీ తేదీలూ అంకెలూ రాయించండి. పండగల సంగతి విడిగా రాయించండి. సంక్రాంతికి, దసరాకు ఈ అమ్మాయిలూ ఊరెళ్తారు, వెళ్లాలి కూడా. ఆ నాలుగు రోజులూ బ్యూరో ఫోన్ మోగుతూనే ఉంటుంది, ఎత్తరు. వచ్చే రిలీవర్ ఎవరో ముందే పేరు చెప్పించి, పండక్కి వారం ముందు ఒక పూట ఇంటికి రప్పించి, పాత అమ్మాయి దగ్గరే మందుల డబ్బా, ట్యూబు సంగతి నేర్పించండి. ఆ పూటకు జీతం ఎవరిస్తారో కూడా ఒప్పందంలోనే ఉండాలి.