కౌజుపిట్టల లెక్క

తైత్తిరీయోపనిషత్తు పేరు విననివారు మన పాఠశాలలలో అరుదు. ఆ పేరు ఒక పిట్టనుండి పుట్టినదని ఎరిగినవారు మాత్రము కొలదిమందియే. గురువాజ్ఞచే యాజ్ఞవల్క్యుడు విడిచిన యజుస్సులను తోడి శిష్యులు తిత్తిరిపక్షులై గ్రహించిరని పురాణకథ. తిత్తిరి యనగా మన కౌజుపిట్ట కులమునకు చెందినదే. వేదశాఖకు పేరిచ్చిన ఈ పక్షికి మెట్టభూములలో మరియొక ప్రసిద్ధి కూడ కలదు. అది వేటపిట్ట. ఎంత వేటాడిన ఆ జాతి నిలుచును, ఎంత వేటాడిన నశించును అను ప్రశ్న వేటగానికి సంబంధించినది మాత్రమే కాదు. అది గణితము, చట్టము, ప్రకృతిశాస్త్రము కలిసిన ప్రశ్న. దానికి సమాధానము వెదకుటకు అనంతపురము కరవుసీమకంటె తగిన పాఠశాల లేదు.

పూర్వపు అనంతపురము జిల్లా 2022లో అనంతపురము, శ్రీ సత్యసాయి జిల్లాలుగా విభజింపబడినది. జిల్లాలు రెండైనను వానలేమి ఒక్కటే. నైరుతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్యపు వానలు తీరము దాటి ఇచ్చటికి వచ్చుసరికి చిక్కిపోవును. సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదియు పైరుకు కావలసిన వేళకు వచ్చునను నమ్మకము లేదు. ఎర్రనేల, రాతిగుట్టలు, చేల గట్లమీద కంపచెట్లు, వంకల వెంబడి పొదలు, దున్నక విడిచిన బీళ్లు - ఇదియే కౌజుపిట్ట రాజ్యము. దానికి దట్టమైన అడవి అక్కరలేదు. దాగుటకు కంప, గింజలేరుటకు చేను, పొరలుటకు ఇంత దుమ్ము ఉన్న చాలును.

పెద్దపిట్ట గింజలు తిని బ్రతుకగలదు. గ్రుడ్డునుండి వెలువడిన పిల్లకు మాత్రము తొలివారములలో పురుగులు, చెదలు కావలయును. వాన పడిననే పచ్చిక మొలచును. పచ్చిక యున్ననే పురుగు పుట్టును. పురుగున్ననే పిల్ల పెరుగును. కనుక ఈ సీమలో పిట్టల సంతతి వానచేతిలో నున్నది. మంచి యేట ఒక చేని చుట్టును పిల్లలతో కూడిన గుంపులు పరుగిడును. కరవు యేట తల్లి గ్రుడ్లు పెట్టినను పిల్లలు దక్కుట దుర్లభము.

ఇచ్చట ఒక చిన్న లెక్క వేసికొందము. ఒక ఊరి పొలములో వానకు ముందు 100 కౌజులు, అనగా 50 జంటలు కలవనుకొందము. మంచి యేట జంటకు మూడు పిల్లలు దక్కినచో గుంపు 250 అగును. ఆకలి, వ్యాధి, డేగ, నక్క - వీనిచే మరుసటి వానలలోపల సగము పోయినను 125 మిగులును. మరుసటి యేటికి 100 నిలుపుకొనిన, 25 మిగులు. కరవు యేట రెండు జంటలకు ఒక్క పిల్ల మాత్రమే దక్కినదనుకొందము. అప్పుడు గుంపు 125. అందు సగము పోగా మిగులునవి 62. ఆ యేడు వేటకు మిగులు లేదు సరికదా, మూలధనమే తరిగినది. వడ్డీని తినవచ్చును, అసలును తినరాదు అను వ్యవహారనీతియే వేటకును నీతి. అయితే వడ్డీ ఎంతయో ప్రతి యేడును క్రొత్తగా లెక్కించుకొనవలయును. వేటలో పోయిన వానిలో కొన్ని ఎట్లును చచ్చెడివే యని వేటగాండ్రు వాదింతురు. అందు కొంత నిజము కలదు. కాని ఆ కొన్ని ఎన్నియో తెలియుటకు కూడ లెక్కయే శరణ్యము.

మన దేశమున వేటకు హద్దులు గీయు ప్రయత్నము క్రొత్తది కాదు. 1887లో ఒకటి, 1912లో మరియొకటి పక్షిరక్షణ చట్టములు పుట్టినవి. 1912 నాటి చట్టము ప్రకారము ప్రభుత్వము నిషేధకాలమును ప్రకటించి, ఆ కాలమున పక్షులను పట్టుట, చంపుట, అమ్ముట నేరముగా చేయవచ్చును. ఆ చట్టపు పట్టికలో కౌజు, పూరేడు, నెమలి, నేలనెమలి, బట్టమేక - అన్నియు ఒక్కచోటనే నిలిచినవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము మరికొంత ముందడుగు వేసినది. బట్టమేకను మొదటి షెడ్యూలున చేర్చి పూర్తిగా కాపాడినది. చిన్న వేటకు లైసెన్సు విధించినది. లైసెన్సుదారుడు తాను చంపిన వానికి, పట్టిన వానికి పుస్తకము వ్రాయవలయునని శాసించినది. చచ్చినవాని లెక్క అట్లు ఏర్పడినది. పొలములో బ్రతికియున్నవి ఎన్ని యని ఆ పుస్తకము అడుగలేదు. 1991లో వచ్చిన సవరణ ఆ లైసెన్సులనే రద్దుచేసినది. నాటినుండి కౌజునుగాని, అడవి పూరేడునుగాని వేటాడుట నేరము.

లెక్కలేని వేట ఫలమును తెలిసికొనుటకు బట్టమేకను చూడవలయును. ఇది మనిషి నడుము దాక ఎదుగు మహాపక్షి. కౌజు ఒక్క ఈతకు ఆరేడు గ్రుడ్లు పెట్టగా, బట్టమేక సాధారణముగా పెట్టునది ఒక్కటే. అహమ్మదునగరు ప్రాంతమున మాన్సుఫీల్డు అను ఇంగ్లీషు వేటగాడు 1809 మొదలు 1829 వరకు 961 బట్టమేకలను కాల్చినట్లు నమోదైయున్నది. సాలుకు సుమారు 48. ఏడాదికి ఒక్క గ్రుడ్డు పెట్టు జాతి ఇంతటి నష్టమును ఎట్లు పూరించుకొనగలదు? పిమ్మట బీళ్లు సేద్యమునకు పోయినవి. దీనినే జాతీయపక్షిగా చేయవలయునని ప్రఖ్యాత పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ కోరెను. 1963లో ఆ గౌరవము నెమలికి దక్కినది. రాయలసీమలో కర్నూలు సమీపమున రోళ్లపాడు అభయారణ్యము 1988లో ఈ పక్షి కొరకే ఏర్పడినది. నేడు అచ్చట స్థిరముగా నివసించు బట్టమేకల గుంపు లేదు. దేశము మొత్తము మీద అడవిలో మిగిలినవి సుమారు 150 మాత్రమే. వానిలో పెక్కు రాజస్థానములో నున్నవి. ఆరు గ్రుడ్ల పిట్టకును, ఒక్క గ్రుడ్డు పిట్టకును 1912లో ఒకే తీరు నియమము సరిపోవుననుకొనుట ఎంత పొరపాటో ఈ కథ చెప్పుచున్నది.

లెక్కతో వేటను నడుపుట సాధ్యమేనా? అమెరికాలో అల్డో లియోపోల్డు 1933లో ఈ విషయముపై శాస్త్రగ్రంథమునే రచించెను. 1934నుండి అచ్చటి నీటిబాతుల వేటగాడు ఏటేట ఒక స్టాంపు కొనవలయును. ఆ ధనముతో ప్రభుత్వము చిత్తడినేలలను కొని కాపాడును. 1955నుండి విమానములపై తిరిగి బాతులను గణించుచున్నారు. ఆ గణనను చూచియే వేట ఎన్ని దినములో, మనిషికి ఎన్ని పిట్టలో నిర్ణయింతురు. వాన తక్కువైన యేడు హద్దు బిగియును. అచ్చట వేటకు అనుమతి కలదు, మనకు లేదు. కాని గణన మాత్రము ఉభయులకును అవసరము. వేటను నిషేధించినంతమాత్రమున పిట్ట బ్రతుకదు. గట్టుమీది కంపను నరికినను, బీటిని దున్నినను, మందు చల్లి పురుగును చంపినను తుపాకి లేకయే పిట్ట పోవును. లెక్క లేనిచో అది పోయిన సంగతియే మనకు తెలియదు.

ఈ లెక్కకు కావలసిన విద్య మన పల్లెలలోనే కలదు. పిట్టలు పట్టి బ్రతికినవారు పెంపుడు కౌజును బోనులో నుంచి దీమముగా వాడెడివారు. అది కూయగానే తన నేల కాచుకొనుటకు అడవి పుంజు ఎదురు కూయుచు వచ్చి ఉరులలో చిక్కెడిది. ఏ పొదకు ఏ పుంజు అధిపతియో వారికి తెలియును. 1848లో జెర్డను శాస్త్రలోకమునకు పరిచయము చేసిన కలివికోడి 1900 తరువాత కనబడక, నశించినదని భావింపబడినది. 1986 జనవరిలో కడప జిల్లాలో అది మరల దొరకినది ఒక స్థానిక వేటగాని చేతికే. గ్రంథముల కందనిది అతని చూపున కందినది.

పట్టుటకు పనికివచ్చిన ఆ కూతయే లెక్కించుటకును పనికివచ్చును. తెల్లవారుజామున ఊరి వెలుపల నిర్ణీతమైన నాలుగైదు చోట్ల, ఒక్కొక్కచోట పది నిమిషములు నిలిచి, ఎన్ని దిక్కులనుండి కౌజు కూసినదో వ్రాసికొనిన చాలును. పిట్టను తాకనక్కరలేదు, గూటిని వెదకరాదు. ప్రతి యేడును అవే చోట్ల, అదే మాసమున, అదే వేళకు వినవలయును. ప్రక్కన ఆ యేటి వానలెక్క వ్రాయవలయును. దీనికి కావలసినవి ఒక గడియారము, ఒక నోటుపుస్తకము, చెవియొగ్గు విద్యార్థులు. పదేండ్లు గడచినచో ఏ కరవు పిట్టను ఎంత క్రుంగదీసినదో, ఏ వాన మరల ఎంత లేవనెత్తినదో ఆ పుస్తకమే చెప్పును. మంచి వాన పడిన యేడు కూడ కూతలు పెరుగకున్నచో, తప్పు మేఘమునది కాదు, మన పొలమునది అని తేలును. బట్టమేక తరిగిపోవుచున్న దినములలో ఇట్టి పుస్తకము ఏ ఊరి బడిలోను లేదు. కౌజు ఇంకను కూయుచున్నది గనుక, దాని పుస్తకమును ఈ యేడే మొదలుపెట్టవచ్చును.