వంతెన కూలనివ్వండి... ఆలోచన నిలబడుతుంది!

‘ఎక్కడ నొప్పి నాన్నా?’ అని ఓపీలో ఎనిమిదేళ్ల పిల్లాడిని అడుగుతాను. సమాధానం వాళ్లమ్మ చెబుతుంది. ‘ఎప్పట్నుంచి?’ అంటే నాన్న అందుకుంటాడు. పిల్లాడు మాత్రం ఇద్దరి ముఖాలూ చూస్తుంటాడు. ఇది ప్రేమే, కాదనను. కానీ తనంతట తాను ఆలోచించే అవకాశం రాని పిల్లలు, పరీక్షలో ప్రశ్నను కాస్త తిప్పి అడిగితే చాలు, ఆగిపోతారు. ఈ అలవాటును మార్చేందుకు బడిలో పనికొచ్చే సాధనం ఒకటుంది. అదే మీ ఇంట్లో అటక మీద పడి ఉన్న బిల్డింగ్ బ్లాక్స్ డబ్బా.

డాక్టర్లకూ పాత నేస్తాలే

పిల్లల ఎదుగుదలను అంచనా వేయడానికి మేమూ చిన్న చెక్క ఘనాలను వాడతాం. సుమారు ఏడాదిన్నరకు మూడు నాలుగు, రెండేళ్లకు ఆరు ఘనాలను ఒకదానిపై ఒకటి పేర్చగలుగుతారు. మూడేళ్లకు మూడింటితో వంతెన కట్టి చూపిస్తే, అలాగే కట్టేస్తారు. చేయీ, కన్నూ, మెదడూ కలిసి పనిచేస్తున్నాయా అన్నది ఇందులో తెలుస్తుంది.

బొమ్మ చూసి కడితే చాలదు

పుస్తకంలోని బొమ్మ చూసి కట్టడం ఓర్పు నేర్పుతుంది. ఆలోచన కావాలంటే సవాలు విసరాలి. ఎనిమిది బొడిపెలున్న ఒకే రంగు లెగో బ్లాకులు ఆరింటిని 91 కోట్లకు పైగా రకాలుగా కలపవచ్చని డెన్మార్క్ గణిత శాస్త్రవేత్త సోరెన్ ఐలర్స్ లెక్కగట్టారు. అంటే సరైన జవాబు ఒక్కటే ఉండదన్నమాట.

తరగతిలో నలుగురిని ఒక జట్టు చేసి ఇవి ప్రయత్నించవచ్చు:

* వంతెన: రెండు పుస్తకాల దొంతుల మధ్య జానెడు ఖాళీ ఉంచాలి. 30 బ్లాకులతో వంతెన కట్టాలి. అది జామెట్రీ బాక్సును మోయాలి.
* వీపు వీపు: ఇద్దరు వీపులు ఆనించి కూర్చోవాలి. ఒకరు తాము కట్టినదాన్ని మాటల్లో చెబితే, రెండోవారు చూడకుండా అలాగే కట్టాలి.
* ఆరు బ్లాకుల బాతు: అందరికీ అవే ఆరు బ్లాకులు. ఎవరి బాతు వారిదే. ‘ఇది బాతే’ అని కారణాలతో ఒప్పించాలి.

వంతెన కూలినప్పుడే అసలు పాఠం మొదలవుతుంది. ‘ఎందుకు పడింది? ఏ ఒక్కటి మారిస్తే నిలుస్తుంది?’ అని టీచర్ అడగాలి. పిల్లలు ముందు ఊహ చెప్పి, తర్వాత కట్టి చూడాలి. రోగ నిర్ధారణలో మేం చేసేదీ ఇదే. ఒక అంచనాకు వస్తాం, పరీక్షిస్తాం, తప్పయితే మార్చుకుంటాం. తొందరను అదుపు చేసుకోవడం, ముందుచూపు, పద్ధతి మార్చుకోవడం వంటివి మెదడు ముందుభాగం చూసుకునే పనులు. ఆ భాగం పూర్తిగా పరిణతి చెందడానికి పాతికేళ్ల వరకూ పడుతుంది. అందుకే సాధన కావాలి. అయితే బ్లాకులతో ఆడితే మార్కులు పెరుగుతాయని మాత్రం హామీ ఇవ్వలేం.

ఖరీదైన సెట్లు అక్కర్లేదు. ఖాళీ అగ్గిపెట్టెలు, వడ్రంగి దగ్గర నున్నగా చేయించిన చెక్కముక్కలూ చాలు.

జాగ్రత్తలివీ

* మూడేళ్లలోపు పిల్లలకు చిన్న ముక్కలు ఇవ్వద్దు. గొంతులో అడ్డుపడతాయి.
* అయస్కాంతాలున్న బ్లాకులతో మరింత జాగ్రత్త. ఒకటికి మించి మింగితే అవి పేగు గోడల్ని మధ్యలో పట్టి రంధ్రం చేయగలవు. లైట్లు వెలిగే బొమ్మల్లోని బటన్ బ్యాటరీలూ ప్రమాదకరమే. మింగారన్న అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వాంతి చేయించకూడదు.

ఇంట్లోనూ అంతే. పిల్లాడి గోడ వంకరగా ఉంటే మీ చేయి పెట్టకండి, ఓ ప్రశ్న అడిగి ఊరుకోండి. ఈసారి ఓపీకి వచ్చినప్పుడు, నొప్పి ఎక్కడుందో వాడినే చెప్పనివ్వండి. మేం వింటాం.