ఒకే ఊరు, నాలుగు రకాల మంటలు

వైజాగ్‌లో ఫైర్ స్టేషన్ అంటే మనలో చాలామందికి ఒక గుర్తు మాత్రమే. ‘సూర్యాబాగ్ ఫైర్ స్టేషన్ దగ్గర దిగి ఫోన్ చెయ్’ అంటాం, అంతే. ఏప్రిల్‌లో మాత్రం వాళ్ళు ఎర్ర బళ్ళేసుకుని స్కూళ్ళకీ అపార్ట్‌మెంట్లకీ వచ్చి డెమోలు ఇస్తారు. ఆ వారోత్సవాలు ఏటా ఏప్రిల్ 14నే ఎందుకు మొదలవుతాయా అని వెతికితే, నాకు ఒక ఓడరేవు కథ దొరికింది.

1944 ఏప్రిల్ 14. బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టైకిన్ అనే ఓడ ఆగి ఉంది. అందులో పత్తి బేళ్ళు, వాటితోపాటే సుమారు 1,400 టన్నుల పేలుడు పదార్థాలు. పత్తి అంటుకుంది. ఫైర్ సిబ్బంది నీళ్ళు కొడుతుండగానే ఓడ పేలిపోయింది. 66 మంది ఫైర్‌మెన్ చనిపోయారు. ఏప్రిల్ 14 నుంచి 20 దాకా జరిగేది వాళ్ళ జ్ఞాపకార్థమే.

ఎక్కడో బొంబాయి సంగతి మనకెందుకు అనుకోకండి. మనదీ రేవు ఊరే. 1933లో పోర్టు, 1957లో రిఫైనరీ, ఆ తర్వాత స్టీల్ ప్లాంట్ వచ్చాయి. వాటితోపాటు కొత్త రకాల మంటలూ వచ్చాయి.

పాక అంటుకుంటే నీళ్ళు చాలు. చల్లబడి ఆరిపోతుంది.

ఆయిల్ అలా కాదు. అది నీళ్ళ మీద తేలుతుంది, మండుతూనే పాకుతుంది. అందుకే నురగ కొడతారు. అది దుప్పటిలా కప్పేసి గాలి అందకుండా చేస్తుంది.

ఎల్పీజీ ఇంకా మొండిది. లీకు ఆపకుండా మంట ఒక్కటే ఆర్పేస్తే, గాలి కంటే బరువైన ఆ గ్యాస్ నేలబారుగా పాకి, ఎక్కడ నిప్పు తగిలితే అక్కడ ఒక్కసారిగా అంటుకుంటుంది. అందుకని వాల్వు మూసేదాకా మంటని మండనిస్తూ, పక్క ట్యాంకుల్ని నీళ్ళతో చల్లబరుస్తారు.

ఇక కరిగిన ఉక్కు. దాని కింద నీళ్ళు చిక్కుకుంటే క్షణంలో ఆవిరై, లోహాన్ని పైకి చిమ్మేస్తాయి. అక్కడ నీళ్ళే ప్రమాదం.

అందుకే పెద్ద ఫ్యాక్టరీలకి సొంత ఫైర్ సిబ్బంది ఉంటారు. స్టీల్ ప్లాంట్‌లో సీఐఎస్ఎఫ్ ఫైర్ వింగ్ పనిచేసింది. గోడ లోపల వాళ్ళు, బయట ప్రభుత్వ స్టేషన్లు. కాగితం మీద లెక్క సరిపోయింది. కానీ మంటకి గోడ తెలీదు కదా. 1997 సెప్టెంబర్ 14న హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో ఎల్పీజీ లీకై పేలినప్పుడు సుమారు 60 మంది చనిపోయారు, చుట్టుపక్కల కాలనీల వాళ్ళు ఇళ్ళొదిలి పరిగెత్తారు. 2023 నవంబర్ 19 రాత్రి ఫిషింగ్ హార్బర్‌లో దాదాపు 40 బోట్లు కాలిపోయాయి. పక్కపక్కనే కట్టేసిన బోట్లు, వాటిలో డీజిలు, వంట సిలిండర్లు. ఒక బోటు మీద ఎన్ని ఇళ్ళు బతుకుతాయో జాలరిపేటలో ఎవరినడిగినా చెప్తారు.

ఇదంతా చదివాక నాకర్థమైంది ఇది: ఫైరింజన్ వచ్చేలోపు నిమిషాలు మన చేతిలోనే ఉంటాయి. హాస్టల్ గేటుకి అడ్డంగా బైకులు పెట్టకపోవడం ఒకటి. 101కి ఫోన్ చేసినప్పుడు ‘మంటలు, తొందరగా రండి’ అని పెట్టేయకుండా, ఎక్కడో, ఏం కాలుతోందో చెప్పడం రెండోది. గ్యాసా, ఆయిలా, కరెంటా? వాళ్ళు ఏం పట్టుకుని బయల్దేరాలో ఆ ఒక్క మాట మీదే ఆధారపడి ఉండొచ్చు.