లక్ష్మాగౌడ్ సిరా బొమ్మను ఎలా చూడాలి?

మా సంఘం ఆఫీసు గోడకు కె. లక్ష్మాగౌడ్ గారి సిరా బొమ్మ నకలు ఒకటి తగిలించాం. వచ్చినవాళ్లలో సగం మంది, "ఇందులో రంగులేవి సార్?" అని అడిగారు. అందుకే ఈ నాలుగు మాటలు.

లక్ష్మాగౌడ్ 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టారు. హైదరాబాదులోనూ, తర్వాత బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గరా చదివారు. 2016లో పద్మశ్రీ వచ్చింది. పట్నాలు తిరిగొచ్చినా ఆయన గీసింది ఊరినే: తలపాగా మగవాళ్లు, పల్లె ఆడవాళ్లు, మేకలు, చెట్లు. స్త్రీపురుషుల కోరికను దాచకుండా గీసిన బొమ్మలూ ఉన్నాయి. ఆఫీసుకు పిల్లలు వస్తారు కాబట్టి అవి మేం పెట్టలేదు.

ముందు దూరం నుంచి చూడండి. నలుపు ఎక్కడ, తెలుపు ఎక్కడ? దగ్గరికెళ్తే ఆ నలుపు పూసింది కాదని తెలుస్తుంది. అన్నీ సన్నని గీతలే. ఒత్తుగా పడితే నీడ, పలచబడితే వెలుతురు, కాగితం అలాగే వదిలేస్తే మిట్టమధ్యాహ్నపు ఎండ. పైగా సిరా గీత పడితే చెరపడానికి లేదు. ఏళ్ల తరబడి రిజిస్టర్లు రాసిన మాకు ఆ భయం బాగా తెలుసు.

తర్వాత మనిషి ఒంటి మీది గీతనూ చెట్టు బెరడు మీది గీతనూ పోల్చి చూడండి. మా గోడ మీది బొమ్మలో రెండూ ఒక్క తీరే. నాటకం పరదాలాగా చెట్టూ పుట్టా మనిషి వెనక వేలాడవు. ఇక "ముఖం అచ్చం కుదిరిందా?" అనే ప్రశ్న పక్కన పెట్టండి. నడుము ఎలా వంగింది, మెడ ఎటు సాగింది, గీత వణికిందా, గట్టిగా దిగిందా అన్నది చూడండి. భావమంతా అందులోనే ఉంది.

మనకు ఇది కొత్త లోకమేమీ కాదు. బాగేపల్లి దారిలో గుండ్లు, చింతామణి దగ్గర అంబాజీదుర్గం, చిక్కబళ్లాపురానికి నంది కొండ, బండల మధ్య మేకలు... రోజూ చూసేవే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం కావడంతో మన పిల్లల్లో చాలామందికి తెలుగు అక్షరాలు రావు. తెలుగు కథ చేతికిస్తే తిప్పి ఇచ్చేస్తారు. ఈ బొమ్మ ముందు మాత్రం నిలబడుతున్నారు.

మొన్న ఒక అవ్వ పింఛను కాగితం పని మీద వచ్చింది. ఏ భాషా చదవదు. బొమ్మను చాలాసేపు చూసి, "ఈ మేక నేడో రేపో ఈనుతుంది నాయనా" అంది. ఆరు నెలలుగా ఆ బొమ్మ కిందే కూర్చుంటున్న మాకు అది తట్టనే లేదు.