చూపుచే మారు దశలు



పొయ్యిమీది నీరు క్రమక్రమముగా వేడెక్కును. 100 డిగ్రీల సెంటిగ్రేడు చేరగనే మఱిగి యావిరిగా మారజొచ్చును. ఇట్లొక హద్దు దాటగనే వస్తువు రూపు మారుటను శాస్త్రజ్ఞులు దశాపరివర్తన మందురు. దీనికి వేడిమి కారణమని మనమెల్లర మెఱుగుదుము. కొలుచుటయే కారణముగా దశ మారునన్నచో నాశ్చర్యము గాదా? ఆ సంగతినే యిచట మేము విన్నవింపదలచితిమి.

నిద్రించు శిశువును మాటిమాటికి తొంగిచూచిన, ఆ యలికిడికే శిశువు మేల్కొనును. పరమాణులోకమున నింకను విచిత్రము. అచట కణములు పెనవేసికొని యుండును. ఒకదాని స్థితిని వేఱుగా జెప్ప వలనుపడదు. వాని నొండొంటితో కలియనిచ్చిన నా పెనవేత వ్యాపించుచుండును. ఒక కణమును కొలిచితిమా, దాని ముడి తెగును. ఇది యలికిడివలన గలిగిన దోషము గాదు, ప్రకృతిధర్మము.

కొలత లరుదైనచో ముడులే గెలుచును. తఱచైనచో కొలతలే గెలుచును. రెంటి నడుమ నిశ్చితమైన హద్దొకటి గలదని 2018 ప్రాంతమున సిద్ధాంతవేత్తలు చూపిరి. గూగుల్ సంస్థవారు క్యూబిట్లనబడు సూక్ష్మాంశములను 70 వఱకు గూర్చి, దీని గుర్తులను గాంచి, 2023లో ప్రకటించిరి.

అయితే యొక చిక్కు గలదు. ఏ కొలత కే ఫలితము వచ్చునో ముందు తెలియదు. రెండేసి ఫలితములుగల 20 కొలతలకు 10,48,576 వరుసలు సంభవింపవచ్చును. ముడులను నేరుగా పరీక్షింప నదే వరుస మరల మరల రావలెను. అన్నియు గలిపి సగటు చూచిన హద్దు మరుగుపడును.

కావున చూచి యూరకుండక, ఫలితము ననుసరించి దిద్దు పద్ధతిని పండితు లవలంబించుచున్నారు. పారిస్ నగరమున సెర్జ్ హరోష్ బృందమువారు, రెండద్దముల నడుమ నిలిచిన ఫోటానుల సంఖ్యను, ఒక్కొక్క పరమాణువును పంపి కనిపెట్టుచు, తప్పినపుడెల్ల సరిచేయుచు, కోరిన లెక్కలో నిలిపినట్లు 2011లో ప్రకటించిరి. ఒంటి కణములను కొలిచి నడపు పద్ధతులకై ఆయనకును డేవిడ్ వైన్‌లాండ్‌గారికిని 2012లో నోబెల్ బహుమానము లభించెను.

అనేక కణముల నిట్లు దిద్దునపుడు, దిద్దుబాటు తగినంత తఱచైనచో సమూహమంతయు కోరిన నెమ్మదిస్థితికి జేరును; చాలనిచో నలజడియే నిలుచును. ఈ హద్దు సగటులలోను గానవచ్చును. కాని యిదియు, ముడుల హద్దును ఒకటే కానక్కఱలేదు.

క్వాంటం కంప్యూటరులో తప్పులు దిద్దు విద్యయు నిట్టిదే; తప్పులు ఒక మితిలో నున్నంతవఱకే దిద్దుబాటు ఫలించును, మితిమీఱిన వ్యర్థము. చూచుట సగము పని. చూచినదాని నెఱిగి సకాలమున దిద్దుట తక్కిన సగము. బిడ్డలను పెంచు మన కీ మాట క్రొత్త గాదు గదా!