శిఖరం మీద కూలి లెక్క

2014 జూన్‌లో హైదరాబాద్ ఈసీఐఎల్ నుంచి ఒక టెలిస్కోపు ముక్కలుగా లారీలెక్కి లదాఖ్ దారి పట్టింది. దాని పేరు మేస్. అద్దాల పళ్లెం అడ్డకొలత 21 మీటర్లు, మొత్తం బరువు సుమారు 180 టన్నులు. భాభా అణు పరిశోధన కేంద్రం తలపెట్టిన ఈ యంత్రాన్ని ఈసీఐఎల్, మరికొన్ని దేశీయ సంస్థలు తయారుచేశాయి. సముద్రమట్టానికి సుమారు 4,300 మీటర్ల ఎత్తున ఉన్న హాన్లేలో దాన్ని బిగించారు. లాంఛనంగా ప్రారంభించింది 2024 అక్టోబరు 4న. ఇలాంటి వార్తల్లో అద్దాల కొలతలు అందరూ రాస్తారు. పునాది తవ్వినవాళ్లకి, ఇనుము కట్టినవాళ్లకి, బోల్టు బిగించినవాళ్లకి అక్కడి గాలి ఎంత అందిందో ఎవరూ రాయరు. వలస పనులకి దేశమంతా మనుషుల్ని పంపే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకి ఆ సంగతి ముఖ్యం.

అంత ఎత్తు ఎందుకు?

మేస్ వెతికేది అధిక శక్తి గల గామా కిరణాల జాడ. అవి నేల దాకా రావు. వాతావరణం పైపొరల్లో అణువుల్ని ఢీకొని ఎలక్ట్రాన్లు, పాజిట్రాన్ల జల్లుగా విడిపోతాయి. ఆ కణాలు గాలిలో కాంతి ప్రయాణించే వేగాన్ని కూడా మించి దూసుకొస్తాయి. జోరుగా వెళ్లే మరపడవ ముందు నీళ్లు అలగా పోగుపడినట్టే, వాటి వెంట నీలి కాంతి పోగుపడుతుంది. దీన్నే చెరెంకోవ్ కాంతి అంటారు. అది మెరిసేది సెకనులో వందకోట్లవ వంతులు కొన్ని మాత్రమే. ఎత్తుకి వెళ్లినకొద్దీ ఆ మెరుపు చెదిరిపోకముందే పట్టుకోవచ్చు. అందుకే తక్కువ శక్తి ఉన్న గామా కిరణాలు కూడా అక్కడ దొరుకుతాయి.

మామూలు కాంతిని చూసే టెలిస్కోపుకి కావలసింది పొడి గాలి, మబ్బులేని రాత్రులు. మన తూర్పు కనుమలకి ఆ రెండూ కరువే. నైరుతి రుతుపవనం వెళ్లీ వెళ్లగానే తుపాన్ల కాలం మొదలవుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటిన సంగతి ఉద్దానం కొబ్బరి రైతులు మరిచిపోలేదు. అయినా ఖగోళశాస్త్రం ఈ తీరానికి కొత్తది కాదు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలోనే సొంత వేధశాల పెట్టారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటిపోవడాన్ని అక్కడి నుంచే పరిశీలించారు. పెద్ద టెలిస్కోపులు మాత్రం మన కొండలు వదిలి పొడి శిఖరాలకి వెళ్లిపోయాయి.

మేస్త్రి తెలివి, టెలిస్కోపు చూపు

మేస్ కింద ఆరు చక్రాలున్నాయి. 27 మీటర్ల అడ్డకొలత ఉన్న గుండ్రటి పట్టా మీద అవి తిరుగుతాయి. ఆ పట్టా ఒక పక్క 8 మిల్లీమీటర్లు కుంగిందనుకుందాం. ఇంటి గచ్చులో అయితే ఆ తేడా కంటికి ఆనదు. ఇక్కడ మాత్రం టెలిస్కోపు గురి దాదాపు ఒక ఆర్క్ నిమిషం పక్కకి జరుగుతుంది, అంటే చందమామ వెడల్పులో ముప్పయ్యో వంతు. కాంక్రీటు సరిగా కుదిరిందా, బోల్టులన్నీ ఒకే బిగువులో ఉన్నాయా అన్నదాన్ని బట్టి శాస్త్రవేత్తకి అందే కొలత ఉంటుంది.

ఆ కాంక్రీటు చలిలో వేరుగా నడుచుకుంటుంది. మన దగ్గర వేసవిలో స్లాబు వేస్తే నీరు ఆరిపోతుందని భయం. గోనెసంచులు పరిచి నీళ్లు పడతాం. లదాఖ్‌లో నీరు గడ్డకడుతుందని భయం. 5 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి దిగితే సిమెంటుకీ నీటికీ మధ్య రసాయనచర్య బాగా మందగిస్తుంది. లోపలి నీరు గడ్డకడితే దాని ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరిగి, ఇంకా బలం పుంజుకోని కాంక్రీటుని లోలోపలే చీలుస్తుంది. అందుకని నీటిని వేడిచేసి కలపాలి, పోసిన చోటుని కప్పి వెచ్చగా ఉంచాలి, పని వేసవి నెలల్లోనే ముగించుకోవాలి.

మనిషి సంగతి ఇంకా కష్టం. హాన్లేలో గాలి పీడనం సముద్రతీరంలో ఉండేదాంట్లో ఇంచుమించు 60 శాతం. కళింగపట్నంలో ఒక శ్వాసతో అందే ప్రాణవాయువులో ఐదింట మూడు వంతులే అక్కడ అందుతుంది. కొత్తగా వెళ్లినవాడికి తలనొప్పి, వాంతులు, నిద్రలేమి పట్టుకుంటాయి. శరీరం అలవాటుపడకముందే బరువు పని చేయిస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి ప్రాణాలకే ముప్పు రావచ్చు. మొదటి కొన్ని రోజుల విశ్రాంతి వైద్యపరమైన అవసరం. ఆ రోజులకి కూలి ఎవరిస్తారన్నది మాత్రం వైద్యం తేల్చే విషయం కాదు. అడుగుకింత, టన్నుకింత అని మైదానం లెక్కన గుత్తకి పని ఒప్పుకున్న ముఠా అక్కడ కచ్చితంగా నష్టపోతుంది. పలచటి గాలిలో అదే మనిషి అదే రోజులో అంత పని చేయలేడు.

ఎవరికి ఏ పని?

ఈ లెక్క ఒకచోట బహిరంగంగానే తేలింది. చిలీలో 5,000 మీటర్ల ఎత్తున 66 యాంటెన్నాలతో అల్మా రేడియో వేధశాల ఉంది. 2013 ఆగస్టులో అక్కడి కార్మిక సంఘం సమ్మెకి దిగింది. జీతాల పెంపుతో పాటు ఎత్తుకీ ఒంటరితనానికీ పరిహారం కూడా అడిగింది. రెండు వారాలకి పైగా పరిశీలనలు ఆగిపోయాయి. చివరికి ఒప్పందం కుదిరాకే పని మొదలైంది.

హవాయిలో కథ మరో మలుపు తిరిగింది. మౌనా కియా మీద 30 మీటర్ల టెలిస్కోపు కడతామన్నప్పుడు నిర్మాణ కార్మిక సంఘాలు ఉద్యోగాలొస్తాయని మద్దతిచ్చాయి. ఆ కొండని పవిత్రంగా చూసే స్థానికులు 2015లో, మళ్లీ 2019లో దారికి అడ్డంగా నిలబడ్డారు. భారత్ కూడా భాగస్వామిగా ఉన్న ఆ ప్రాజెక్టు పని అక్కడే ఆగింది. ఉద్యోగాల సంఖ్య ఒక్కటే చూపిస్తే ఊరు ఒప్పుకోదని దాని నిర్వాహకులకి తెలిసొచ్చింది.

నిర్మాణంలో పని చాలామందికి దొరుకుతుంది, కొన్నేళ్లకే అయిపోతుంది. నడిపే పని కొద్దిమందికే, కానీ దశాబ్దాల పాటు ఉంటుంది. స్థానికులకి మొదటిదే దక్కి రెండోది బయటివాళ్లకి పోతే ఊరికి మిగిలేది తక్కువ. హాన్లేలో దీనికి కొంత విరుగుడు దొరికింది. లదాఖ్‌కే చెందిన ఇంజనీరు దోర్జే అంగ్‌చుక్ అక్కడి వేధశాల నిర్వహణ బాధ్యతలు చూశారు. 2022లో ఆ ప్రాంతాన్ని చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా ప్రకటించాక, చుట్టుపక్కల పల్లెల వాళ్లకి తర్ఫీదునిచ్చి టెలిస్కోపులు అప్పగించారు. ఇప్పుడు వాళ్లే పర్యాటకులకి నక్షత్రాలు చూపించి సంపాదించుకుంటున్నారు.

మరి మనవాళ్లు?

ఉత్తరాంధ్ర నుంచి పనికి పోయే సెంట్రింగ్ మేస్త్రికి, రాడ్ బెండర్‌కి, వెల్డర్‌కి, రిగ్గర్‌కి స్థానికుడన్న బలం ఎక్కడా ఉండదు. అతనికి అండ చట్టం, సంఘం. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం దారి ఖర్చునీ ఊరు విడిచినందుకు భత్యాన్నీ గుర్తించింది. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం ఏడాదిలో 90 రోజులు పనిచేసినవాళ్లకి సంక్షేమ బోర్డులో నమోదయ్యే హక్కునిచ్చింది. ఆ బోర్డుకి నిధులు నిర్మాణ వ్యయం మీద వేసే సెస్సు నుంచి వస్తాయి. ఈ రెండు చట్టాల్నీ 2020లో పార్లమెంటు ఆమోదించిన కార్మిక కోడ్‌లలో కలిపారు.

కాగితం మీది హక్కు కొండ మీద అమలు కావాలంటే మూడు మాటలు పని ఒప్పందంలోనే ఉండాలి. శరీరం ఎత్తుకి అలవాటుపడే రోజులకి పూర్తి కూలి ఇవ్వాలి. రోజుకి ఎంత పని అన్నది అక్కడి గాలిని బట్టి నిర్ణయించాలి. పని చేయడానికి వచ్చిన కుర్రవాడికి ఆ యంత్రాన్ని నడపడం నేర్చుకునే వీలు కల్పించాలి. అద్దం వంపులో పిసరంత తేడా వచ్చినా ఒప్పుకోని ప్రాజెక్టుకి ఈ లెక్క కూడా అంతే కచ్చితంగా వేయడం చేతకాని పనేం కాదు.