ఉపాధ్యాయ శిక్షణలో సాంకేతికత: దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌.బి.నగర్ నేపథ్యం

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్‌.బి.నగర్ వైపు సాగే రహదారి పొడవునా కంప్యూటర్ కోర్సుల బోర్డుల పక్కనే టెట్, డీఎస్సీ కోచింగ్ బోర్డులు కనిపిస్తాయి. రేపటి ఉద్యోగాలకు విద్యార్థులను సన్నద్ధం చేయవలసిన ఉపాధ్యాయులు ఈ రెండవ రకం గదులలో తయారవుతున్నారు. పక్క గదిలోని కంప్యూటర్‌తో వారికి పని పడదు.

కారణం ఎంపిక విధానంలోనే ఉంది. తెలంగాణలో 11,062 పోస్టులకు 2024లో జరిగిన డీఎస్సీ కంప్యూటర్ ఆధారిత పరీక్షే. స్కూల్ అసిస్టెంటుకు రాతపరీక్ష 80 మార్కులు, టెట్ వెయిటేజీ 20. ఆ 80లో విషయ పరిజ్ఞానానికి 44, బోధనా పద్ధతులకు 16. పాఠం చెప్పి చూపే అవసరం ఎక్కడా లేదు. అభ్యర్థి కంప్యూటర్ ముందు కూర్చొని చేసేది సరైన జవాబును ఎంచుకోవడమే. మార్కులు రాని నైపుణ్యానికి కోచింగ్ కేంద్రం సమయం కేటాయించదు; అందుకు దానిని తప్పుపట్టనూ లేము.

బి.ఎడ్. పాఠ్యక్రమంలో లోటు అంతగా లేదు. ఎన్‌.సి.టి.ఇ. 2014 నిబంధనలు కోర్సును రెండేళ్లకు పెంచి, రెండవ ఏడాది కనీసం 16 వారాల పాఠశాల అనుభవాన్ని విధించాయి. ఆ వ్యవధిలో గణిత ఛాత్రోపాధ్యాయులు యూనిట్ పరీక్ష మార్కులను, పేర్లు తొలగించి, స్ప్రెడ్‌షీట్‌లో పిల్లలచేతనే నమోదు చేయించవచ్చు. ఒక్కరి మార్కులు మారిస్తే సగటు కదిలి, మధ్యగతం ఎందుకు కదలలేదో వారినే అడగవచ్చు. దత్తాంశాలతో ఆలోచించడం ఇక్కడ మొదలవుతుంది. పవర్‌పాయింట్ ప్రదర్శనతో కాదు.

2020 జాతీయ విద్యావిధానం సూచించిన ఏటా 50 గంటల వృత్తి శిక్షణ ఉద్యోగం వచ్చాకే అందుతుంది. ప్రవేశ దశలో మార్పు రావాలంటే బోధనా ప్రదర్శనకు కొన్ని మార్కులైనా కేటాయించాలి. అభ్యర్థులందరికీ అది సాధ్యం కాదు. రాతపరీక్షలో ముందున్నవారికి, ఇద్దరు పరీక్షకుల సమక్షంలో, 15 నిమిషాల పాఠంగా నిర్వహించవచ్చు.